పసుపు బేరాలలో నష్టభయం: ఒప్పందాల నిర్వహణకు కంప్యూటరు సాయం

పసుపు వ్యాపారంలో ధర దగ్గర తగాదా రావడం అరుదు. ధర ఉభయులకూ గుర్తుంటుంది. ఆ ధర ఏ రకం సరుకుకు, ఎంత తేమకు, ఎవరి కాటాకు, లారీ కిరాయి ఎవరిమీద అన్న చోటనే పేచీ మొదలవుతుంది. మార్కెట్టు స్థిరంగా ఉన్నంతకాలం ఈ సంగతులు ఎవరూ ఎత్తరు. క్వింటాలుకు వెయ్యి, రెండు వేలు తేడా వచ్చిననాడు నష్టపోయే పక్షం వెదికి పట్టుకునేది వీటినే.

ఒప్పందాల నిర్వహణకు వాడే సాఫ్ట్‌వేర్ వల్ల వర్తకులకు కలిగే మేలు మూడు విధాలు. విడిచిపెట్టిన షరతులను బేరం ముగియకముందే అది బయటపెడుతుంది. జరిగిన మార్పులను తేదీవారీగా నిలుపుతుంది. అన్ని బేరాలనూ కూడి మొత్తం నష్టభయం ఎంతో చూపుతుంది. బేరం ఆడటం, ఎదుటివాని పరపతి ఎరగటం మాత్రం ఎప్పటివలెనే వర్తకుని పని.

షరతుల పట్టిక

సాఫ్ట్‌వేర్‌లో మొదట తయారు చేసుకోవలసినది నమూనా ఒప్పందం. రకం, పరిమాణం, ధర, తేమ శాతం, పాలిష్ చేసినదా కానిదా, కర్కుమిన్ పరీక్ష ఉన్నదా, తూకం ఎక్కడ, డెలివరీ గడువు, చెల్లింపు గడువు, కిరాయి, బీమా, తగాదా వస్తే ఎవరు తీర్చాలి అనే గడులు అందులో ఉండాలి. ఏ గడి ఖాళీగా ఉన్నా ఒప్పందం ఖరారు కాకుండా ఆపే ఏర్పాటు పెట్టుకోవచ్చు.

ఇది చాదస్తంగా తోచవచ్చు. కాని పేర్లలోనే తేడాలున్నవి. నిజామాబాద్‌లో గోళ, మండ అని పిలిచే సరుకు దుగ్గిరాలలో కాయ పేరుతో నడుస్తుంది. రెండు మార్కెట్లలోనూ కొనే వర్తకుడు ఏ మాటకు ఏ సరుకో ఒకసారి పట్టికలో రాసి పెట్టుకుంటే ప్రతి బేరానికీ అదే అర్థం వర్తిస్తుంది.

గడి ఖాళీగా వదిలినచోట చట్టం తన అర్థం తాను చెప్పుకుంటుంది. 1930 నాటి సరుకుల విక్రయ చట్టం 17వ సెక్షను ప్రకారం మచ్చు చూపి అమ్మిన సరుకు అంతా మచ్చుకు సరిపోవాలి. సరుకు పంపే గడువు పెట్టకుంటే సమంజసమైన కాలంలో పంపాలని 36వ సెక్షను చెబుతున్నది. వేరే షరతు లేకుంటే సరుకుపై హక్కు ఎవరిదైతే నష్టమూ వారిదేనని 26వ సెక్షను భావం. దారిలో లారీ తడిసినప్పుడు ఈ ఒక్క సంగతే తగాదాకు చాలు. సమంజసమైన కాలం ఎంత అన్నది కోర్టులో తేల్చుకునే కన్నా తేదీ వేసుకోవడం మేలు.

మార్పుల చిట్టా

ఈనాడు బేరం ఫోనులో మొదలై, వాట్సాప్‌లో సాగి, ఈ-మెయిలులో ముగుస్తున్నది. ధర ఒకచోట, గడువు మరొకచోట మారుతుంటుంది. ఏది ప్రతిపాదన, ఏది అంగీకారం అన్నది వర్తకునికే తెలియని స్థితి వస్తున్నది.

ఇందుకు ట్రైమెక్స్ ఇంటర్నేషనల్ – వేదాంత అల్యూమినియం వ్యవహారం మంచి పాఠం. 2007 అక్టోబరులో బాక్సైట్ ఓడల సరఫరాకు ప్రతిపాదన, అంగీకారం ఈ-మెయిళ్లలో జరిగినవి. తర్వాత వివాదం రాగా, పూర్తి పత్రంపై సంతకాలు కాలేదు కనుక ఒప్పందమే లేదని ఒక పక్షం వాదించింది. 2010 జనవరిలో సుప్రీంకోర్టు ఆ వాదన తోసిపుచ్చి, తగాదా తీర్చేందుకు మధ్యవర్తిని నియమించింది. ముఖ్యమైన షరతులు కుదిరి అంగీకారం తెలిపిన తర్వాత, పత్రం ఇంకా రాయవలసి ఉన్నదన్న కారణంతో ఒప్పందం లేకుండా పోదని దీని సారాంశం. సమాచార సాంకేతిక చట్టంలో 2008 సవరణతో చేర్చిన 10ఎ సెక్షను కూడా, ఎలక్ట్రానిక్ పద్ధతిలో కుదిరినదన్న ఒక్క కారణంతో ఒప్పందం చెల్లకుండా పోదని చెబుతున్నది.

అందువల్ల ప్రతి రాతపైనా ‘ప్రతిపాదన’, ‘ఖరారు’ అన్న గుర్తు స్పష్టంగా ఉండాలి. మంచి సాఫ్ట్‌వేర్ పాత ప్రతిని చెరిపివేయదు. ఏ మాట ఎవరు, ఏ రోజు, ఎన్ని గంటలకు మార్చారో పక్కనే చూపుతుంది. ఖరారు చేసే అధికారం గుమాస్తాకు ఎంత మొత్తం వరకో కూడా అందులోనే హద్దు పెట్టవచ్చు.

కోర్టుకు వెళ్లవలసి వస్తే ఈ చిట్టాయే సాక్ష్యం. 2024 జులై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షను ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డుతోపాటు నిర్ణీత నమూనాలో ధ్రువపత్రం ఇవ్వాలి. ఫోను మార్చినప్పుడు సందేశాలు పోగొట్టుకున్న వర్తకునికి ఈ దారి మూసుకుపోతుంది.

మొత్తం లెక్క

నష్టభయం ఒక్కొక్క బేరంలో కనిపించదు, కూడికలో కనిపిస్తుంది. ఒక వర్తకుడు ముగ్గురు బ్రోకర్ల ద్వారా ఒకే మసాలా కంపెనీకి 300, 400, 300 క్వింటాళ్ల కొమ్ములు క్వింటాలు రూ. 14,000 చొప్పున అమ్మాడనుకుందాము. మొత్తం 1,000 క్వింటాళ్లు, విలువ రూ. 1 కోటి 40 లక్షలు. గోదాములో ఉన్నది 600 క్వింటాళ్లు. తక్కిన 400 ఇంకా కొనవలసి ఉన్నది.

ధర రూ. 1,500 పెరిగితే ఆ 400 క్వింటాళ్లపై రూ. 6 లక్షలు అదనంగా పెట్టుకోవాలి. ధర రూ. 1,500 పడిపోయి కంపెనీ సరుకు వద్దంటే 1,000 క్వింటాళ్లపై రూ. 15 లక్షల తేడా వస్తుంది. అంటే పెరుగుదలలో భయం కొనని సరుకు మీద, తగ్గుదలలో భయం ఒకే కొనుగోలుదారు మాట మీద. మూడు బేరాలు మూడు పుస్తకాలలో ఉంటే ఈ రెండవ భయం అసలు కంటపడదు. ఒక్కొక్క పార్టీకి ఇంతవరకే అని హద్దు పెట్టి, అది దాటిన వెంటనే హెచ్చరించడం సాఫ్ట్‌వేర్‌కు తేలిక పని.

మొదటి భయానికి వాయిదా మార్కెట్టు కొంత విరుగుడు. ఎన్‌సీడీఈఎక్స్‌లో పసుపు లాటు 5 టన్నులు కనుక 400 క్వింటాళ్లకు 8 లాట్లు సరిపోతవి. అయితే మార్జిను సొమ్ము సిద్ధంగా ఉండాలి. వాయిదా ధర, యార్డు ధర ఎల్లప్పుడూ కలిసి నడవవు. రెండవ భయానికి బయానా, పరిహారం షరతు అవసరం. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 74వ సెక్షను కింద పరిహారంగా రాసుకున్న మొత్తం గరిష్ఠ హద్దు మాత్రమే. దానికి లోబడి సమంజసమైన పరిహారమే లభిస్తుంది. భారీ అంకె రాసుకున్నంత మాత్రాన అంతా చేతికి రాదు.

యంత్రానికి హద్దులు

ఇప్పుడు కృత్రిమ మేధ సాఫ్ట్‌వేర్ ఒప్పందం ముసాయిదా రాస్తున్నది, ఎదుటివారు పంపిన పత్రంలో ప్రమాదకరమైన షరతులు చూపుతున్నది. ఇవి పొరపాటు పడతవి. లేని చట్టాన్ని ఉన్నట్లు చెప్పిన సందర్భాలూ ఉన్నవి. పెద్ద మొత్తం బేరం న్యాయవాది చూడకుండా ఖరారు చేయరాదు. ధరలు, పార్టీల పేర్లు ఉన్న పత్రాలను ఉచిత సర్వీసులలో ఎక్కించడానికి ముందు ఆ సమాచారం ఎవరి చేతికి పోతుందో విచారించుకోవాలి.

చిన్న వర్తకులు ఖరీదైన సాఫ్ట్‌వేర్‌తోనే మొదలు పెట్టనక్కరలేదు. పార్టీ పేరు, పరిమాణం, ధర, గడువు, చేతిలో ఉన్న సరుకు, రావలసిన బాకీ అనే ఆరు గడులతో కంప్యూటరు పట్టిక వేసి రోజూ సాయంత్రం కూడినా సగం పని అయినట్లే. తక్కిన సగం, ఫోనులో కుదిరిన ప్రతి బేరాన్నీ ఆ పూటే షరతులతో రాసి ఎదుటి పక్షానికి పంపి, అంగీకారం రాబట్టడం. కొత్త పంట యార్డులకు ఎక్కే ముందే ఈ అలవాటు చేసుకున్నవారు ధరల ఒడిదుడుకుల కాలంలో పుస్తకాలు వెదుక్కోవలసిన అవసరం ఉండదు.