టోటల్ లాస్ బండి మనమే ఉంచుకుంటే?

పుంగనూరు నుంచి మదనపల్లెకు రోజూ బడికి పోయొచ్చే టీచరమ్మ ఒకామె అడిగింది: "అక్కా, ఇన్సూరెన్సోళ్లు టోటల్ లాస్ అనేశారు. డబ్బులిస్తాం, బండి మాకొదిలెయ్ అంటున్నారు. నా జీతంతో కొనుక్కున్న మొదటి బండి. నేనే ఉంచుకుంటే తప్పా?"

తప్పేం కాదు చెల్లీ. నీ బాధ నాకు తెలుసు. మదనపల్లె, పుంగనూరు, పలమనేరు, కుప్పం మీదుగా క్రిష్ణగిరికి పోయే 42వ నంబరు హైవే మీద సొంతంగా స్టీరింగు పట్టిన ఆడపిల్లకు బండంటే ఎంత ధైర్యమో చెప్పక్కర్లేదు. సీజన్లో టమోటా లారీల మధ్య దూరి పోవాలి. పలమనేరు దాటితే పొద్దుగూకినాక ఏనుగుల భయం. ఇంట్లో ఎవర్నీ బతిమాలకుండా పోయిరావడానికి తోడున్న బండిని షెడ్డులో బానెట్టు ముడుచుకుపోయి చూస్తే కళ్లనీళ్లు రాకుండా ఉంటాయా? ఏడువు, ఫరవాలేదు. సంతకం పెట్టే ముందు మాత్రం కళ్లు తుడుచుకుని ఈ లెక్క చూడు.

పాలసీ కాగితంలో ఐడీవీ అని ఒక అంకె ఉంటుంది. ఇన్సూరెన్సు కంపెనీ దృష్టిలో నీ బండి విలువ అదే. కారు తయారుచేసిన కంపెనీ పెట్టిన ధరలో ఏటేటా తరుగు పోతుంది: రెండో ఏడు దాటి మూడో ఏట 30 శాతం, నాలుగో ఏట 40, అయిదో ఏట 50. రిపేరు ఖర్చు ఈ ఐడీవీలో 75 శాతం దాటితే టోటల్ లాస్ అంటారు. బండి ముక్కలైపోయిందనేం కాదు, బాగు చేయించడం వాళ్లకు గిట్టదని.

ఐడీవీ 4 లక్షలు అనుకుందాం. షోరూమ్ ఎస్టిమేటు 3,20,000 వచ్చింది, టోటల్ లాస్ అయింది. బండిని వదిలేస్తే, చిన్న కార్లకు తప్పనిసరిగా కోసే వెయ్యి పోను 3,99,000 చేతికొస్తాయి. ఉంచుకుంటానంటే కంపెనీ ఆ తుక్కుకు పాటదార్లను పిలిచి ధర తెప్పిస్తుంది. పెద్ద పాట 1,10,000 అనుకో, అదీ కోసేసి నీకు 2,89,000 ఇస్తారు. చాలామంది ఇక్కడే పొరబడతారు, బండి ఉత్తినే మిగిలిందనుకుంటారు. నువ్వు ఆ తుక్కును లక్షా పదివేలు పోసి కొంటున్నావమ్మా. అదే బండి ఇంకొకరిదై గుజిరీ అంగడి ముందర ఉంటే ఆ డబ్బిచ్చి కొనేదానివా? నిజాయితీగా జవాబు చెప్పుకో.

కొంటానంటే, నీకు నమ్మకమున్న టింకరింగు మేస్త్రీని తీసుకుపోయి బండిని లిఫ్టు మీదికి ఎక్కించి చూపించు. పైరేకు ఎంత నలిగినా ఫరవాలేదు. ఛాసిస్ వంగిందా, తలుపు మూసినప్పుడు పైనా కిందా సందు ఒకటిగా ఉందా, ఇంజను పునాది పగిలిందా అన్నది చూడాలి. ఎయిర్‌బ్యాగులు తెరుచుకుని ఉంటే అవి మళ్లీ పనికిరావు, కొత్తవి వేయించాల్సిందే. వాటితో పాటు బిగుసుకున్న సీటు బెల్టులు కూడా మార్చాలి. ఖర్చు తగ్గించుకుందామని ఎయిర్‌బ్యాగు లేకుండా పైన మూత అతికించి నడిపేవాళ్లున్నారు. నీ పిల్లలు కూర్చునే బండి అది, ఆ పని మాత్రం వద్దు.

నీళ్లల్లో మునిగిన బండైతే నా మాట విని వదిలెయ్. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో ఎన్ని బండ్లు మునిగాయో చూశాం కదా. డాష్‌బోర్డు దాకా నీళ్లెక్కితే వైర్లలో, కంప్యూటర్ పెట్టెల్లో తుప్పు నెలల తరవాత బయటపడుతుంది. అర్ధరాత్రి ఘాటులో లైట్లు ఆరిపోతే ఎవర్ని పిలుస్తావు?

మునక అంటే ఇంకో సంగతి. 2022 బెంగళూరు వరదల్లో ఒకాయన 11 లక్షల కారుకు వర్క్‌షాపువాళ్లు 22 లక్షల ఎస్టిమేటు ఇచ్చారు. టోటల్ లాస్ అయ్యాక, ఎస్టిమేటు కాగితాలకని సుమారు 45 వేలు అడిగారు. ఆయన గట్టిగా నిలబడి పైకి ఫిర్యాదు చేస్తే 5 వేలకు దిగారు. అందుకే బండి షోరూములో దించేటప్పుడే ఎస్టిమేటు ఫీజు ఎంతో అడిగి రాయించుకో.

ఇక సి-బుక్కు. నాకు అన్నిటికన్నా భయం దీని మీదే. తుక్కు బండ్లను కాగితాల కోసమే కొనే ముఠాలున్నాయి. అదే మోడల్ బండిని ఎక్కడో దొంగిలించి, నీ ఛాసిస్ నంబరు దానికి కొట్టి అమ్మేస్తారు. నువ్వు బండి ఉంచుకుని ఆర్నెల్ల తరవాత విసుగొచ్చి ఏ బెంగళూరు బేరగాడికో ఇచ్చేశావనుకో, సి-బుక్కులో పేరు నీదే ఉంటే తలనొప్పి కూడా నీదే. నవీన్ కుమార్ కేసులో 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది: బండి ఎన్ని చేతులు మారినా రిజిస్ట్రేషన్ ఎవరి పేరున ఉంటే నష్టపరిహారం బాధ్యత వాళ్లదే. 29, 30 నంబరు ఫారాలు ఖాళీగా ఉంటే సంతకం పెట్టి ఇవ్వొద్దు. కొన్నవాడి పేరు నిండాలి, పేరు మారిందని నువ్వు కళ్లారా చూడాలి. ఇన్సూరెన్సోళ్లు పంపిన మనిషికి బండి అప్పగించినా ఇదే జాగ్రత్త.

బండి ఇక రోడ్డెక్కదని తేలిపోతే, మోటారు వాహనాల చట్టం 55వ సెక్షన్ ప్రకారం 14 రోజుల్లోగా, లేదా వీలైనంత త్వరగా ఆర్టీఓ ఆఫీసులో తెలిపి సి-బుక్కు అప్పగించాలి. బాగు చేయించి నడుపుతానంటే, రిజిస్ట్రేషన్ రద్దు చేయించి తెమ్మంటారా అని ఇన్సూరెన్సు కంపెనీని ముందే అడుగు. కొన్ని కంపెనీలు అడుగుతాయి. రద్దయ్యాక ఆ బండి విడిభాగాలకే పనికొస్తుంది. డబ్బు చేతికొచ్చాక పాత పాలసీ ముగిసినట్టే కాబట్టి, కొత్త పాలసీ లేకుండా షెడ్డు గేటు కూడా దాటించొద్దు.

లోను తీరకపోతే బ్యాంకు మాట ముందు. వచ్చిన డబ్బు మొదట దానికే పోతుంది. బాకీ మిగిలితే నీ జేబులోంచే. తుక్కు ఉంచుకుంటే వచ్చేది ఇంకా తగ్గుతుంది కదా, ఆ లెక్క బ్యాంకులో కూర్చుని వేయించుకో.

"బండి మీరే అమ్ముకోండి, ఆ డబ్బు కోసుకుంటాం" అని నిన్ను బలవంతపెట్టే హక్కు వాళ్లకు లేదు. తుక్కును తీసుకుపోయే బాధ్యత కంపెనీదేనని ఇన్సూరెన్సు నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024 జూన్ సర్క్యులర్‌లో ఉంది. ఉంచుకోవడం నీ ఇష్టం మీద జరగాలి. పాట ధర మరీ ఎక్కువ వేశారనిపిస్తే పాటదారు ఇచ్చిన కాగితం చూపించమను. ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు పెట్టు. నెలలో తేలకపోతే హైదరాబాదులోని ఇన్సూరెన్సు అంబుడ్స్‌మన్‌కు రాయి. మన రాష్ట్రం వాళ్ల పరిధిలోదే, ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. కంపెనీ జవాబు వచ్చిన ఏడాదిలోగా వెయ్యాలి, అంతే.