నేలపట్టు చెరువున శిశిరాంతము

ఆంధ్రదేశమున చలికాలము వెడలిపోవుట ఒక్కనాటిలో తెలియునది కాదు. మంచు కరగి నేల బయటపడు శీతలదేశములలో వసంతాగమనము ఎల్లరకును కానవచ్చును. ఇచ్చట అట్లు కాదు. తెల్లవారుజామున కప్పుకొన్న దుప్పటి ఒకనాడు బరువుగా తోచును. మధ్యాహ్నమున పశువులు మేత విడిచి చెట్టునీడకు చేరును. శివరాత్రితో చలి శివశివా యనుచు పోవునని పెద్దలు చెప్పుదురు. కాని ఆ పోవుట ఎన్ని మెట్లుగా జరుగునో గమనించువారు కొలదిమందియే. దక్షిణ కోస్తాలో సూళ్లూరుపేటకు ఉత్తరముగా, దొరవారిసత్రమునకు చేరువనున్న నేలపట్టు గ్రామము అట్టి పరిశీలనకు మిక్కిలి తగిన చోటు.

ఈ మార్పునకంతకును మూలము సూర్యగమనము. దానిని కొలుచుటకు పరికరములేవియు అక్కరలేదు. ఒక మీటరు పొడవుగల కర్రను చదునైన నేలపై నిటారుగా నిలిపి, నీడ మిక్కిలి పొట్టిగానుండు మధ్యాహ్నవేళ దానిని కొలిచిన చాలును. నేలపట్టు ప్రాంతమున డిసెంబరు 21వ తేదీన ఆ నీడ సుమారు 76 సెంటీమీటర్లుండును. ఫిబ్రవరి 20 నాటికి అది 46 సెంటీమీటర్లకును, మార్చి 21 నాటికి 25 సెంటీమీటర్లకును తగ్గును. ఏప్రిల్ చివరివారమున సూర్యుడు నడినెత్తిపైకి వచ్చి, కర్రకు నీడయే లేకుండ చేయును. పగటికాలము డిసెంబరులో ఇంచుమించు పదకొండుంబావు గంటలు. మార్చి మూడవ వారమునకు పండ్రెండు గంటలు. ఈ ముప్పావుగంట భేదము మనుష్యుల లెక్కలోనికి రాకపోవచ్చును గాని, అనేక పక్షుల దేహములకు అదియే పిలుపు.

కోకిలనే చూడుడు. చలికాలమున అది ఏ దూరదేశమునకో పోయినదని పలువురు తలంతురు. అది ఎచ్చటికిని పోదు. ఆకుల గుబురులో పండ్లు తినుచు మౌనముగా నుండును. పగలు పెరుగుకొలది దాని శరీరమున సంతానోత్పత్తికి సంబంధించిన గ్రంథులు చురుకై, గొంతు విప్పును. మావిచిగురు తిని కోకిల కూయునని కవులు పాడిరి. మాట మధురమే, కాని కోకిలకు ప్రీతియైనది చిగురు కాదు, మర్రి, రావి, వేప మొదలగువాని పండ్లు. కూయునది నల్లని మగపక్షి. గోధుమవర్ణముపై తెల్లని చుక్కలుగల ఆడపక్షికి ఆ తీయని పంచమస్వరము లేదు. అది గ్రుడ్లుపెట్టునది కాకిగూటిలో కనుక, కాకులు గూళ్లుకట్టు కాలమునకు సరిగా కోకిలల సందడియు ముదురును.

చెట్లలో మార్పు ఇంకను స్పష్టము. బూరుగ ఆకులన్నియు రాల్చి ఎఱ్ఱని పెద్దపూలు పూయగా, తేనెకై గోరువంకలును కాకులును దానిపై మూగును. మోదుగ నిప్పురవ్వల రాశివలె నుండును. మామిడిపూత సంగతి వేరు. అందు రైతు బ్రతుకు ముడిపడియున్నది. ఈ కాలపు రాత్రులందు ఆకాశము నిర్మలముగా నుండుటచే నేలలోని వేడి పైకిపోయి, నేల చల్లబడి, దానిని తాకిన గాలిలోని తేమ మంచుగా మారును. పొగమంచు దినములతరబడి విడువక పట్టినచో పూతకు తెగుళ్లు సోకును. తేనెమంచు పురుగులనబడు చిన్నపురుగులు పూతరసమును పీల్చి, జిగురువంటి ద్రవమును విడుచును. దానిపై నల్లని మసివంటి బూజు పెరుగును. తేనెమంచు! పేరు వినుటకు తీపి, అనుభవించుటకు చేదు.

ఇక నేలపట్టు చెరువు. 458 హెక్టారులకు పైబడిన ఈ ప్రదేశము 1976లో పక్షి సంరక్షణ కేంద్రమైనది. ఈ తీరమునకు వానలు ప్రధానముగా అక్టోబరు మొదలు డిసెంబరు వరకు ఈశాన్య ఋతుపవనముల వలన కురియును. చెరువు నిండగా అందలి కడపచెట్లు మొదళ్లు మునిగియు చావక నిలుచును. ముక్కు క్రింద పెద్ద సంచిగల గూడబాతులు ఆ చెట్ల తలలపై గుంపులుగా గూళ్లుకట్టును. ఎర్రకాళ్ల కొంగలు, నత్తగుల్ల కొంగలు, తెల్లకంకణములు, నీటికాకులు వాని ఇరుగుపొరుగులు. ఇవియన్నియు సైబీరియానుండి వచ్చిన అతిథులని లోకులు చెప్పుకొనుట కలదు. అది పొరపాటు. గూడబాతులును ఎర్రకాళ్ల కొంగలును ఈ దేశపు పక్షులే. నీటిని వెదకుకొనుచు ఒక చెరువునుండి మఱియొక చెరువునకు పోవుచుండును. నిజమైన సైబీరియా కొంగ వేరు; అది భారతదేశమున కడపటిసారి కానవచ్చినది 2002లో, రాజస్థానమందలి భరతపురమున. ఉత్తరదేశములనుండి నిజముగా వచ్చు సూదితోక బాతులు మొదలగునవి సమీపమందలి పులికాటు సరస్సున చలికాలము గడపి, మార్చి ప్రాంతమున మరలిపోవును.

ఈ చెరువున శిశిరాంతము ఒక పరుగుపందెము వంటిది. గూడబాతు గ్రుడ్డు పిల్లయగుటకు ఇంచుమించు ఒక నెల పట్టును. ఆ పిల్ల రెక్కలు వచ్చి ఎగురుటకు మూడునెలలైనను కావలెను. డిసెంబరులో పెట్టిన గ్రుడ్డునుండి వెడలిన పిల్ల ఏప్రిల్ ప్రాంతమునకు గాని గూడు విడువలేదు. ఈలోగా ఎండ ముదిరి చెరువు తగ్గుచుండును. చెట్లక్రింద నీరు ఉన్నంతకాలము అది కోటచుట్టు అగడ్త వంటిది. నక్కలును అడవిపిల్లులును దాటిరావు. నీరింకినచో దారి తెరచినట్లే. ఆహారమునకును చిక్కే: తల్లిపక్షులు పులికాటువరకు ఎగిరిపోయి, చేపలు పట్టి తెచ్చును. పిల్ల తన తలను తల్లి గొంతుసంచిలోనికి దూర్చి తినును. మధ్యాహ్నపుటెండలో ఎర్రకాళ్ల కొంగ రెక్కలను సగము విప్పి, గొడుగువలె పిల్లలపై నీడపట్టి గంటలకొలది నిలుచును. తాను ఎండలోనే యుండును. నీటిని నోటనుంచుకొని వచ్చి పిల్లలపై వంపుటయు కలదు. గాలికి గూటినుండి జారిపడిన గూడబాతు పిల్లను మాత్రము తల్లి నేలకు దిగి మేపదు. కర్ణాటకమందలి కొక్కరెబెళ్లూరు గ్రామమున అట్లు పడిన పిల్లలను చేరదీసి, చేపలు పెట్టి పెంచి విడుచుచుండుట మెచ్చదగినది.

వానలు సరిగా కురియని యేట పక్షులు కొలదిగానే గూళ్లుకట్టును. అందుచే చెరువున ఎన్ని గూళ్లున్నవో చూచిన, గడచిన వర్షకాలమెట్లుండెనో కొంత తెలియును. పక్షిరెట్టలు కలిసిన నీరు పైరులకు ఎరువు వంటిదని ఇట్టి చెరువుల చెంతనున్న రైతులు ఎఱుగుదురు.

భారతదేశమున 1987 మొదలు జనవరి మాసమున నీటిపక్షుల గణన జరుగుచున్నది. దానికి సమానమైన పనిని విద్యార్థులు తమ ఊరిలోనే చేయవచ్చును. తొలి కోకిలకూత, వేపచిగురు, కడపటి పొగమంచు, కర్రనీడ: వీనిని తేదీతోను స్థలముతోను పుస్తకమున వ్రాసికొనవలెను. తేదీ లేని గమనికతో పనిలేదు. ఒక్క యేటి లెక్కలు కథగానే యుండును. అయిదారేండ్ల లెక్కలు ప్రక్కప్రక్కన పెట్టినప్పుడే పూత ముందుకు వచ్చుచున్నదో, వెనుకకు పోవుచున్నదో తెలియును. గూళ్లను చూచువారు మాత్రము దూరమునుండియే చూడవలెను. బెదరి లేచిన తల్లి తిరిగివచ్చు లోపల కాకులు గ్రుడ్లను తన్నుకొనిపోవును.

మార్చి గడచి ఏప్రిల్ వచ్చునప్పటికి కడపచెట్ల మొదళ్లయొద్ద నీటిగుర్తులు పట్టీలవలె కానవచ్చును. బూడిదరంగు ఈకల గూడబాతు పిల్లలు కొమ్మ అంచున నిలిచి, రెక్కలల్లార్చి, దిగిపోయి, మరల ఎక్కును. ఒకనాడు అందొకటి చెరువుపై సగముదూరము ఎగిరి, అవ్వలిచెట్టున తడబడుచు వాలును. మఱునాటికి పులికాటు దిక్కునకు పోవు వరుసలో అదియు చేరును. గట్టుమీద కాకులు పుల్లలేరుకొనుచుండును. వాని వెనుక గుబురులోనుండి నల్లకోకిల కూయుచుండును.