అండాశయంలో తిత్తి : ఆగవలసినదెప్పుడు, తొందరపడవలసినదెప్పుడు

స్త్రీ శరీరాన్ని గురించిన మాట మన ఇండ్లలో ఇంకను పెదవి దాటి రావడం లేదు. పొత్తికడుపులో నొప్పి అని అమ్మతో చెప్పడానికే నెలల తరబడి సంకోచించిన ఆడపిల్ల, స్కానింగ్ కాగితంపై "సిస్టు" అన్న ఒక్క మాట చూడగానే ప్రాణం మీదకు వచ్చినదని భయపడుతుంది. మొదట మౌనం, తరువాత భయం. ఆలోచనకు మాత్రం మధ్యలో చోటు లేదు. అటువంటి సమయంలో తీసుకొన్న నిర్ణయం జీవితాంతం వెంట వస్తుంది. కనుక ఈ విషయాన్ని గురించి మన విద్యార్థినులకు, వారి ద్వారా వారి తల్లులకు, తెలియవలసినంత తెలియజేయడమే ఈ వ్యాస ఉద్దేశం.

ముందుగా పదాన్ని గురించి ఒక మాట. సిస్టును తెలుగులో నీటి గడ్డ అంటున్నాము. ఉర్దూ మాట్లాడే ఇండ్లలో రసౌలీ అంటున్నారు. ఈ రెండు మాటలూ గట్టి కణితికి కూడా వాడుకలో ఉన్నవి కనుక, వినగానే మనసు క్యాన్సరు వైపునకే పోతుంది. "తిత్తి" అన్న మాట ఇంతకంటె సరియైనది. కొలిమి తిత్తి, తోలు తిత్తి అన్నప్పుడు మనకు స్ఫురించేది లోపల ఏదో నింపుకొన్న సంచి. సిస్టు అనగా సరిగా అదే.

అండాశయాలు రెండు, ఒక్కొక్కటి ఇంచుమించు బాదంకాయంత ఉంటుంది. ప్రతి నెలా వాటిలో ఒక చిన్న నీటి బుడగ సుమారు 2 సెంటీమీటర్ల వరకు పెరిగి, పగిలి, అండాన్ని విడుదల చేస్తుంది. అనగా తిత్తి వంటిది ఏర్పడడం అండాశయానికి నెలనెలా జరిగే పనియే. ఒక్కొక్కసారి ఆ బుడగ పగలక పెరుగుతూ పోతుంది. లేదా పగిలిన చోటనే మరల ద్రవం నిండుతుంది. వయసులో ఉన్న స్త్రీలలో కనబడే తిత్తులలో అధిక భాగం ఇవే. ఏ మందు అవసరం లేకుండానే ఇవి సాధారణంగా రెండు మూడు బహిష్టుల కాలంలో కరిగిపోతవి.

తమంతట తాము కరగని రకాలు కూడా కలవు. డెర్మాయిడ్ తిత్తిలో కొవ్వు, వెంట్రుకలు, ఒక్కొక్కసారి పళ్ళు సైతం ఉంటవి. ఎండోమెట్రియోసిస్ వలన ఏర్పడేదానిలో పాత రక్తం నిలిచి, బహిష్టు సమయంలో తీవ్రమైన నొప్పి కలిగిస్తుంది. ఇక నేడు ప్రతి ఇంటా వినబడుతున్న "పి.సి.ఓ.ఎస్." వేరొక విషయం. 1935లో షికాగో వైద్యులు స్టీన్, లెవెంథాల్ వర్ణించిన ఈ స్థితిలో కనబడేవి నిజమైన తిత్తులు కావు, ఎదగక నిలిచిపోయిన చిన్న బుడగలు. దీనికి మూలం హార్మోనుల అసమతుల్యత. ఆ బుడగలను కోసి తీయించుకొనవలసిన పని లేదు.

వైద్య చరిత్రలో ఈ తిత్తికి ఒక ప్రత్యేక స్థానం కలదు. 1809లో అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలో ఎఫ్రాయిమ్ మెక్‌డోవెల్ అనే వైద్యుడు, మత్తుమందు ఇంకా లేని ఆ కాలంలో, జేన్ టాడ్ క్రాఫర్డ్ అనే స్త్రీ అండాశయం నుండి 22 పౌండ్లకు మించిన కణితిని తీసివేసినాడు. ఆమె ఆ తరువాత మూడు దశాబ్దాలు జీవించినది. 1847లో క్లోరోఫారం వాడుకలోకి వచ్చినది. దాని భద్రతను పరీక్షించిన రెండు కమిషన్లు 1888, 1889 సంవత్సరాలలో మన హైదరాబాదులోనే జరిగినవి. 1958లో గ్లాస్గో నగరంలో ఇయాన్ డొనాల్డ్ మరొక అడుగు ముందుకు వేసినాడు. నయం కాని కడుపు క్యాన్సరని తేల్చి ఆశ వదలుకొన్న ఒక స్త్రీని ఆయన ధ్వని తరంగాలతో పరీక్షించగా, ఉన్నది నీరు నిండిన అండాశయ తిత్తి అని తెలిసినది; దానిని తీసివేయగా ఆమె కోలుకొన్నది. మనం నేడు స్కానింగ్ అంటున్నది ఆ విద్యనే. తీయగలమా అన్నది ఒకనాటి ప్రశ్న. తీయవలసి ఉన్నదా అన్నది నేటి ప్రశ్న.

దానికి సమాధానం నాలుగు విషయాలపై ఆధారపడి ఉంటుంది: తిత్తి పరిమాణం, దాని లోపలి స్వరూపం, స్త్రీ వయసు, బాధ. బహిష్టులు ఇంకా ఆగని స్త్రీలో, కేవలం నీటితో నిండిన తిత్తి 5 సెంటీమీటర్ల లోపు ఉన్నచో సాధారణంగా చికిత్స అవసరం లేదు. 5 నుండి 7 సెంటీమీటర్ల వరకు ఉన్నచో ఏటా స్కానింగ్ చేయించి గమనిస్తారు. అంతకు మించినచో, లేదా లోపల గట్టి భాగాలు కనబడినచో, మరిన్ని పరీక్షలో శస్త్రచికిత్సయో ఆలోచిస్తారు. ఈ వయసులో బాధ కలిగించే తిత్తి క్యాన్సరుగా తేలేది సుమారు వేయిలో ఒకటి మాత్రమే. బహిష్టులు ఆగిన పిదప మాత్రం చిన్న తిత్తిని కూడా అశ్రద్ధ చేయరాదు, అప్పుడు సి.ఎ. 125 అనే రక్తపరీక్ష ఉపకరిస్తుంది. అయితే చిన్న వయసులో ఎండోమెట్రియోసిస్ వలన, బహిష్టు వలన, కడుపు క్షయ వలన కూడా ఆ సంఖ్య పెరుగుతుంది. కనుక ఆ ఒక్క అంకెను చూచి భయపడనవసరం లేదు.

గమనిస్తూ ఉండడమంటే ఏమీ చేయకుండా ఉండడం కాదు. బహిష్టు తేదీలు, నొప్పి వచ్చిన రోజులు వ్రాసుకొనాలి. స్కానింగ్ కాగితాలన్నీ ఒకచోట దాచుకొనాలి. తిత్తిని కరిగించునని నిరూపింపబడిన కషాయం గాని, మాజూన్ గాని లేదు; గర్భనిరోధక మాత్రలు సైతం ఉన్న తిత్తిని కరిగించవు. అవివాహిత బాలికలకు మూత్రాశయం నింపుకొని పొట్టపై నుండే స్కానింగ్ చేయవచ్చును. తానే కరిగిపోయే తిత్తి పెండ్లికి గాని, సంతానానికి గాని ఆటంకం కానేరదు. సంబంధం చెడునేమోనని దాచిపెట్టడం అనవసరం.

ఆగరాని సందర్భం ఒకటి కలదు. తిత్తి బరువునకు అండాశయం మెలిపడినచో రక్తప్రసారం ఆగిపోతుంది. హఠాత్తుగా ఒక ప్రక్క భరించరాని నొప్పి, వాంతులు, సొమ్మసిల్లడం దీని గుర్తులు. అప్పుడు తెల్లవారనీ అని ఊరుకొనరాదు. 108కి ఫోన్ చేసి వెంటనే ఆసుపత్రికి చేరాలి. అండాశయం దక్కడమో దక్కకపోవడమో గంటలలో తేలిపోతుంది.

శస్త్రచికిత్స అవసరమైనప్పుడు ఒక తేడా గట్టిగా గుర్తుంచుకొనాలి. తిత్తిని మాత్రమే తీయడం ఒకటి, అండాశయాన్ని తీయడం మరొకటి, గర్భసంచిని తీయడం వేరొకటి. మొదటిది చాలినచోట మూడవదానికి సంతకం పెట్టించుకొనే దుస్థితి మన ప్రాంతానికి క్రొత్త కాదు. 2015-16 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో గర్భసంచి తీయబడినవారు దేశం మొత్తం మీద నూటికి 3.2 కాగా, తెలంగాణలో 7.7, ఆంధ్రప్రదేశ్‌లో 8.9. కారణాలుగా చెప్పబడిన వాటిలో గడ్డలు, తిత్తులు కూడా ముఖ్యమైనవి. "పిల్లలు పుట్టినారు కదా, ఇక బచ్చేదానీ ఎందుకు" అన్న మాట ఇంట అత్తమ్మ నోట, బయట ఇరుగుపొరుగు నోట వినబడుతూనే ఉన్నది. కాని అండాశయాలను ముందుగా తీసివేసినచో ఎముకలు బలహీనపడతవి, గుండెజబ్బు ప్రమాదం పెరుగుతుంది. కూలి పని చేసే స్త్రీకి ఎముకల బలమే జీవనాధారం. అనవసరంగా గర్భసంచి తీసే పద్ధతిపై 2013లో దాఖలైన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్ 5న తీర్పు ఇస్తూ, కేంద్రం 2022లో రూపొందించిన మార్గదర్శకాలను మూడు నెలలలో అమలుపరచవలసినదిగా రాష్ట్రాలను ఆదేశించినది.

అందుచేత సంతకానికి ముందు అడుగవలసిన ప్రశ్నలు ఇవి: ఇది ఏ రకపు తిత్తి? మూడు నెలలు ఆగి మరల స్కానింగ్ చేయించినచో ప్రమాదమేమి? తిత్తిని మాత్రమే తీసి అండాశయాన్ని నిలుపవచ్చునా? గర్భసంచిని తీయవలసిన కారణమేమి? సమాధానం తృప్తినీయనిచో రెండవ వైద్యుని అభిప్రాయం తీసుకొనడం అవిశ్వాసం కాదు, హక్కు. మన నగరంలో సి.కె.ఎం. ఆసుపత్రి, హనుమకొండ ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రి ఉన్నవి.

విద్యార్థినులారా! మీ ఇంట స్కానింగ్ కాగితం చదువగలిగినవారు బహుశా మీరొక్కరే. అమ్మ అయినా, అమ్మీ అయినా, వైద్యుని ఎదుట నోరు విప్పలేక తల ఊపుతున్నప్పుడు ఆమె ప్రక్కన నిలిచి ఈ నాలుగు ప్రశ్నలు మీరు అడుగండి. చదువు ఇంటికి ఉపకరించడమంటే అదే.