పరాసు యానాము: గోదావరి యొడ్డున నొక చిన్న యూరు

రాంగోపాల్‌పేటనుండి మూసీ దాటి ముసారాంబాగునకు పోవు సభ్యులనేకులు గలరు. ఆ తోట పేరు నిజాముగారి కొలువులోనుండిన రేమాఁ అను ఫ్రెంచి సేనాని పేరని యెరిగినవారు కొందరే. జనులాయనను మూసా రాం అనిరి. ఆయన 1798లో మరణించెను. ఆ సంవత్సరమే నిజాము ఇంగ్లీషువారితో సంధి చేసికొని ఫ్రెంచి దళములను తొలగించెను. ఆ సంధివలన వచ్చిన ఇంగ్లీషు దండునుండియే సికింద్రాబాదు పుట్టినది. సికందర్ జా పేర 1806లో ఈ నామము కలిగినది.

ఇచ్చట ఫ్రెంచివారి కథ అట్లు ముగిసినను, తెలుగుదేశములో నొక్క మూల వారి జెండా 1954 వరకు నిలిచెను. ఆ మూల యానాము. సేద్యగాండ్రకు దాని కథ యుపయోగకరమని తోచి యీ పాఠమును వ్రాయుచున్నాము.

ఉనికి

కాకినాడకు దక్షిణముగా సుమారు 30 కిలోమీటర్ల దూరమున, గౌతమీ గోదావరి యొడ్డున యానామున్నది. కోరింగ నది యను పాయ గౌతమినుండి చీలునది యిచ్చటనే. తూర్పున సుమారు 14 కిలోమీటర్లు పోయిన సముద్రము. చుట్టునుగల పల్లెలతో గూడ దీని వైశాల్యము సుమారు 30 చదరపు కిలోమీటర్లు మాత్రమే. కనకాలపేట, మెట్టకూరు, ఫరంపేట, దరియాలతిప్ప మొదలగునవి దీనిలోని పల్లెలు. పరాసులనగా ఫ్రెంచివారు, పెద్దలు నేటికిని దీనిని పరాసు యానామందురు.

పూర్వవృత్తాంతము

ఫ్రెంచివారు మొదట 1669లో గోలకొండ సుల్తాను అనుమతితో మచిలీపట్టణమున వర్తకశాల స్థాపించిరి. యానామునకు 1723లో వచ్చి, లాభము లేదని 1727లో విడిచి, మరల 1731లో వచ్చిరి. ఈ ప్రాంతపు నేతగుడ్డలే వారిని రప్పించినవి. 1753లో నిజాము ఉత్తర సర్కారులను బుస్సీ దొరకు ఒప్పగించెను. కాని 1758 డిసెంబరులో చందుర్తి యుద్ధమున ఫ్రెంచివారోడిపోయిరి. తరువాత యుద్ధము వచ్చినప్పుడెల్ల ఇంగ్లీషువారు యానామును పట్టుకొనుటయు, సంధి కుదిరినప్పుడెల్ల తిరిగి యిచ్చుటయు జరిగెను. 1814 సంధి పిమ్మట నది ఫ్రెంచివారికి స్థిరపడెను.

దొరల పోరాటములకంటె గాలియు నీరును రైతును ఎక్కువ బాధించినవి. 1839 నవంబరులో తుపాను వచ్చి, సముద్రము పొంగి, ప్రక్కనున్న కోరింగ రేవు నాశనమయ్యెను. కూటికి లేనివారు ఓడలెక్కిరి. 1828లోనే యానామునుండి తెలుగు కూలీలు నేడు రీయూనియననబడు బూర్బను దీవికి చెరకుతోటలలో పనిచేయ కొనిపోబడిరి. తరువాత కోరింగ రేవునుండి బర్మాకు వెళ్లిన మనవారికి అచ్చట కోరంగీలనియే పేరు వచ్చెను. తన యూర తిండి దొరకిన మనుష్యుడు సముద్రము దాటి పరుల తోటలో చెరకు నరకబోడుగదా!

ప్రజాజీవనము

1847 మొదలు 1852 వరకు కాటను దొర ధవళేశ్వరమున ఆనకట్ట కట్టించిన పిమ్మట డెల్టాలో వరిసేద్యము స్థిరపడెను. వరి, కొబ్బరి, చేపలు యానాము ప్రజలకు జీవనాధారములు. ఎర్రనీరు దిగు వరదలలో సముద్రపు విలస మంచినీటి కెదురీది వచ్చి పులస యగును; దాని రుచి జగమెరిగినదే.

సరిహద్దు ఊరి జీవనమునకు వేరొక ముఖముండెను. సుంకము తక్కువగుటచే మంగళవారపు సంతకు ఇంగ్లీషు సీమనుండి జనులు విదేశపు సరకులకై వచ్చెడివారు. శారదా చట్టము 1930లో అమలులోనికి రాగా, పసిపిల్లలకు పెండ్లి చేయగోరువారు దానిని తప్పించుకొనుటకై యానామునకు పరుగెత్తిరి. మైలురాయి దాటినంతనే పాపము పోవునని తలచిరి కాబోలు!

1954 జూన్ 13వ తేదీన దడాల రఫేల్ రమణయ్య మొదలగు దేశభక్తులు యానాము పాలనను చేజిక్కించుకొనిరి. ఆ నవంబరు 1న ఫ్రెంచి పాలన ముగిసెను. చట్టరీత్యా విలీనము 1962 ఆగస్టు 16న జరిగెను. నేడది పుదుచ్చేరి ప్రాంతములోని యొక జిల్లా.

మనము గ్రహింపవలసినది

యానాము డెల్టా తుదినున్నది. కాలువనీరు పైవారందరును వాడుకొనగా మిగిలినదే తుదివారికి చేరును. ఫ్రెంచి దినములలో పైనున్న పొలములు ఇంగ్లీషువారివి, క్రిందివి ఫ్రెంచివారివి. అయినను నీరు పల్లమునే యెరుగును.

సముద్రము దాపుననున్న నేలలో అడుగునీరు ఉప్పన. పైన తీపినీరు నిలిచినంత కాలము ఉప్పు అణగియుండును. నీరు తగ్గి యెండ కాసినచో అది తేమతోగూడ పైకెక్కి తెల్లని పొరగా నిలుచును. అప్పుడు విత్తిన విత్తు మొలవదు. దీనికి మేము చెప్పు చికిత్స యిది: పొలమును చిన్న మళ్లుగా చేసి గట్లు బలపరచి, తీపినీరు నిలిపి, మురుగుకాలువలోనికి వదలవలెను. రెండు మూడు మారులిట్లు చేసి, జీలుగ చల్లి, పూతకు ముందు కలియదున్నవలెను. మురుగు పోవు దారి లేనిచో ఈ శ్రమ యంతయు వ్యర్థము.

మన చెరువుల క్రింది చౌడునేలలలోను ఉప్పు పైకివచ్చు విధమిదియే. మురుగుకాలువ ఒక్కని పొలములో పుట్టి ఒక్కని పొలములోనే ముగియదు. ఒకడు పూడ్చిన పదిమంది చెడుదురు; పదిమంది కూడి త్రవ్విన అందరును బ్రతుకుదురు. ఫ్రాన్సులోని చిన్న రైతులు సయితము 1884 చట్టము పిమ్మట సంఘములుగా కూడి ఎరువులు కలిసి కొనిరి. 1894 చట్టముతో పరస్పర పరపతి సంఘములు పెట్టుకొనిరి. మనదేశమున సహకార పరపతి సంఘముల చట్టము 1904లో వచ్చినది. కావున కూడి పనిచేయుట మనకు క్రొత్త గాదు.

వచ్చు సమావేశమున సభ్యులు ఈ ప్రశ్నలను చర్చింపగోరుచున్నాము:

1. మన యూర తూమునకు దూరముగానున్న కమతములెవరివి? వారికి నీరు ఎన్నడు చేరుచున్నది?

2. మురుగుకాలువ ఏ యేచోట్ల పూడియున్నది? ఎందరు ఎన్ని దినములు పనిచేసిన అది తెరచుకొనును?

తుదిపొలము పండిననే ఊరు పండినదని యెంచుదము.