కళాశాలలో మొదటి మూడు నెలలు

ఉభాలు ముగిసి మళ్లు పచ్చబడు రోజులలోనే మన పల్లెలనుండి పిల్లలు కళాశాలలకు బయలుదేరుదురు. పాతపట్నము, మెళియాపుట్టి, హిరమండలము ప్రాంతముల గ్రామములలో ఈ దృశ్యము నేడు సామాన్యమైపోయినది. ఇంటర్మీడియట్ వరకు ఇంటిపట్టున నుండి చదివిన బాలుడు ఒక సంచి, ఒక దుప్పటి, అమ్మ కట్టియిచ్చిన పచ్చడిసీసా తీసికొని టెక్కలికో, శ్రీకాకుళమునకో, విశాఖపట్నమునకో పోవును. తల్లి నీలమణిదుర్గమ్మవారికి మ్రొక్కుకొనును. తండ్రి రుసుము చెల్లించిన రసీదును మడతపెట్టి పెట్టెలో భద్రపరచును. చాల యిండ్లలో కళాశాల గడప త్రొక్కిన మొదటి వ్యక్తి ఆ పిల్లవాడే.

అతనిని పంపుటతో తమ పని తీరినదని పెద్దలు తలంతురు. కాని చదువు మానవలెనను ఆలోచన పిల్లలకు తరచుగా ఆ తరువాతి రెండు మూడు నెలలలోనే పుట్టును. మొదటి పండుగ సెలవులకు ఇంటికి వచ్చిన పిల్లవాడు సెలవులు ముగిసినను కదలడు. “ఏటిరా బాబూ, కాలేజీ తెరవలేదేటి?” అని తల్లి యడుగును. “తెరిసినారమ్మా. నానింక ఎల్లను” అని అతడు గోడవైపు తిరుగును. తండ్రి కేకలు వేయును. ఇరుగుపొరుగువారు చెడుసావాసములు పట్టినవేమో యనుకొందురు. ఎంత గ్రుచ్చియడిగినను పిల్లవాడు చెప్పునది ఒక్కటే మాట: “ఆ సదువు నాకు అబ్బదు.”

ఈ మాటను గ్రామములోని పెద్దలు జాగ్రత్తగా వినవలెను. అది సోమరి పలికిన మాట కాకపోవచ్చును. పదవ తరగతిలోను, ఇంటర్మీడియట్‌లోను మంచి మార్కులు తెచ్చుకొన్న పిల్లవానికి మూడు నెలలలో తెలివి ఎక్కడికి పోవును? అతని తెలివి మారలేదు, పాఠము చెప్పు భాష మారినది. 2021–22 విద్యాసంవత్సరమునుండి మన రాష్ట్రములో డిగ్రీ చదువులను ఆంగ్లమాధ్యమమునకు మార్చిరి. తెలుగులో పండ్రెండేండ్లు చదివిన విద్యార్థి మొదటిరోజు తరగతిలో కూర్చుండును. అధ్యాపకుని మొదటి వాక్యమును అతడు మనసులో తెలుగు చేసికొనునంతలో మరి మూడు వాక్యములు దాటిపోవును. ప్రక్కవాడు తల యూపును; తానును ఊపును. ఇట్లు నెలదినములు గడచునప్పటికి అతనికి తాను మందబుద్ధినను నమ్మకము కుదురును. విషయము తెలియకపోవుట వేరు, భాష తెలియకపోవుట వేరు. ఈ రెంటిని వేరుచేసి చూపువారు లేకనే పలువురు పిల్లలు వెనుకకు వచ్చుచున్నారు.

ఒక ఉదాహరణము చూడుడు. ఆవకాయకు తరిగిన మామిడిముక్కలపై ఉప్పు చల్లినచో కొంతసేపటికి నీరూరునని మన యిండ్లలో ఎరుగనివారు లేరు. ముక్కలోని నీరు ఉప్పు ఎక్కువగా నున్న వైపునకు పలుచని పొరగుండ వెలికి వచ్చును. దీనినే తెలుగు పుస్తకములలో ద్రవాభిసరణము అందురు. ఆంగ్లములో దీని పేరు ఆస్మాసిస్. వృక్షశాస్త్రపు తరగతిలో ఆ పేరు విని బెదరిన పిల్లవానికి, అది తన తల్లి ఏటేట చేయుచున్న పనియేయని ఒక్కరు చెప్పిన చాలును. అట్లే అర్థశాస్త్రములోని డిమాండ్ అనునది, జీడిపిక్కలు అమ్ముకొను రైతునకు బాగుగా తెలిసిన గిరాకియే. దిగుబడి తక్కువయై కొనువారు ఎక్కువైననాడు ధర ఏల పెరుగునో అతడు పుస్తకము లేకుండనే చెప్పగలడు.

మన ప్రాంతమున ఈ కష్టము మరింత చిక్కనైనది. కొండదిగువ గ్రామములలో ఇంట సవర మాటలాడు పిల్లలు కలరు. సరిహద్దు ప్రక్కనే యుండుటచే సంతలో ఒడియా వినబడును. బడిలో తెలుగు, ఇప్పుడు కళాశాలలో ఇంగ్లీషు. కొందరికి ఇది నాలుగవ భాష. ఇందులో దిగులుపడవలసినది లేదు. రెండు మూడు భాషలు పట్టుబడిన పిల్లవాడు ఇంకొక భాషను పట్టుకొనగలడని ధైర్యముగా చెప్పవచ్చును. వెనుకటివాటిని అతడు పరీక్షల భయము లేకుండ ఆటపాటలలో నేర్చెను. దీనిని మాత్రము పరీక్ష ముందుంచుకొని నేర్వవలసి వచ్చినది. భేదము అంతమాత్రమే.

ఈ సందర్భమున గిడుగు రామమూర్తి పంతులుగారిని తలచుకొనుట మనకు ఉపకరించును. వారు 1863లో శ్రీముఖలింగమునకు సమీపమున నున్న పర్వతాలపేటలో జన్మించిరి. పండ్రెండేండ్ల ప్రాయమున తండ్రి గతింపగా విజయనగరములో మహారాజావారి పాఠశాలలో చదివి మెట్రిక్యులేషన్ ముగించిరి. అంతటితో కుటుంబభారము మీదపడినది. 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయులుగా చేరిరి. అప్పటికి వారికి పదునేడేండ్లు మించలేదు. కళాశాలలో కూర్చుండి చదువు అవకాశము వారికి దొరకలేదు. పగలు పిల్లలకు పాఠములు చెప్పుచు, తీరిక వేళల తాము చదువుకొని, ప్రైవేటుగానే ఎఫ్.ఏ., పిమ్మట బి.ఏ. పరీక్షలలో ఉత్తీర్ణులైరి. 1896లో ఆ పాఠశాల కళాశాలయైనది. నేడది ఒడిశా రాష్ట్రములో శ్రీకృష్ణచంద్ర గజపతి కళాశాలయను పేర నున్నది.

ఆ కాలముననే పంతులుగారు సవరభాషను నేర్చి, సవర పిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పుటకు పుస్తకములు వ్రాసి, సొంత సొమ్ముతో బడులు నడిపిరి. వారు రచించిన సవరభాషా వ్యాకరణము 1931లోను, సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లోను వెలువడినవి. తెలిసిన భాషమీదుగా తెలియని విషయమునకు పోవలెననునది వారి పద్ధతి. నేటి మొదటి సంవత్సరపు విద్యార్థికి కావలసినదియు అదియే.

దానిని ఆచరణలో పెట్టుట ఎట్లు? ఖర్చులేని ఉపాయ మొకటి కలదు. రేపటి పాఠమేదో ముందుగా తెలిసికొని, దానిని ఈ రాత్రి తెలుగు పుస్తకములో చదువవలెను. 1968లో స్థాపింపబడిన తెలుగు అకాడమీవారు ఇంటర్మీడియట్, డిగ్రీ తరగతులకు తెలుగులో పాఠ్యపుస్తకములును, పారిభాషిక పదకోశములును ప్రచురించిరి. కళాశాల గ్రంథాలయములో అడుగువారు లేక అవి దుమ్ముపట్టి యుండవచ్చును. పాతవైనను మూలసూత్రములు మారవు గనుక నిస్సంకోచముగా తీసికొనవచ్చును. తెలుగులో ఒకసారి చదివినవాడు మరునాడు తరగతిలో క్రొత్త విషయమును వినడు. తెలిసిన విషయమునకు క్రొత్తపేర్లు మాత్రమే వినును. ఆ పేర్లను ఒక చిన్న నోటుపుస్తకములో వ్రాసికొనవలెను. ఎడమప్రక్క ఇంగ్లీషు మాట, దాని ఉచ్చారణ తెలుగు లిపిలో. కుడిప్రక్క తెలుగు మాట, వీలైనచో ఇంటిలోని ఉదాహరణ. దినమునకు పది మాటలైనను నూరు దినములకు వేయి మాటలగును. మొదటి సెమిస్టరు పాఠములు వినుటకు అవి పెద్ద ఆసరాయగును.

తరగతిలో చెప్పిన ప్రతి మాటను వ్రాయబూనుట వృథాశ్రమ. తలకట్టులను, నల్లబల్లపై వ్రాసినదానిని, అధ్యాపకుడు రెండుమారులు చెప్పినదానిని వ్రాసికొని, మిగిలినది అర్థమైనంతవరకు తెలుగులోనే ప్రక్కన గుర్తుపెట్టుకొనవలెను. ఆ రాత్రియే ఆ పుటలను తిరుగవ్రాయవలెను. మూడునాళ్లు ఆలస్యమైనచో తన చేవ్రాత తనకే అర్థముకాదు. 2015–16లో సెమిస్టరు పద్ధతి వచ్చినదాదిగా ఆలస్యమునకు చోటు తగ్గినది. అంతకుముందు ఏడాదికొక్క పరీక్ష యుండుటచే వేసవిలో కూడ దిద్దుకొనవచ్చెడిది. ఇప్పుడు పరీక్ష నెలల దూరములోనే యుండును. హాజరు నూటికి డెబ్బదియైదు ఉండవలెనను నియమమును మరువరాదు. కోతలకని, పెండ్లిండ్లకని పిల్లలను మాటిమాటికి పిలిపించు తండ్రులు ఈ లెక్కను ముందుగా చూచుకొనుట మంచిది.

అర్థము కానిదానిని అడుగుటకు మన పిల్లలు జంకుదురు. దానికి మరియొక కారణము కలదు. నోరు తెరచినచో తమ యాస బయటపడునని వారి భయము. “ఏటి”, “ఎలగ” అన్నందుకు పట్నపు పిల్లలు నవ్వినట్లు చెప్పుకొని బాధపడు విద్యార్థులు కలరు. నోటితో మాటలాడు తెలుగునకు పుస్తకములలో గౌరవము సంపాదించిపెట్టిన మహనీయుడు ఈ వంశధార ఒడ్డువాడేయని, ఆయన జన్మదినమైన ఆగస్టు 29వ తేదీనే తెలుగు భాషా దినోత్సవముగా జరుపుకొనుచున్నామని ఆ నవ్వువారికి తెలియదు కాబోలు. (పుస్తకభాషలో నడచు ఈ పుట పంతులుగారి కంటబడినచో ఎఱ్ఱసిరా ఎంత పట్టునో!) తరగతిలో అందరియెదుట అడుగుటకు మొగమాటమైనచో, పాఠము ముగిసిన తరువాత అధ్యాపకుల గదివద్దకు పోయి తెలుగులోనే అడుగవచ్చును. వచ్చి అడిగిన విద్యార్థిని విసిగికొను అధ్యాపకులు అరుదు. ఒకరు విసిగికొన్నను మరియొకరు చెప్పుదురు.

ఇక వసతి సంగతి. వెనుకటి కాలమున పేదవిద్యార్థులు పట్టణములలో వారములు చేసికొని చదివిరి. సోమవారము ఒక యింట, మంగళవారము ఒక యింట భోజనము. గురజాడ అప్పారావుగారు కూడ తండ్రి మరణానంతరము విజయనగరములో చదువుకొను దినములలో, మహారాజావారి కళాశాల ప్రిన్సిపాలు చంద్రశేఖరశాస్త్రిగారు వారికి ఉచితముగా భోజనవసతులు కల్పించిరి. అక్కడనే వారు 1886లో బి.ఏ. ముగించిరి. ఆనాడు ఒక గురువు దయవలన జరిగినది నేడు సంక్షేమ వసతిగృహములవలన వేలమందికి జరుగుచున్నది. అయినను వసతిగృహము అన్నము పెట్టగలదుగాని మొదటివారము ఒంటరితనమును పోగొట్టలేదు. ఇంట చోడి అంబలి త్రాగి అలవాటుపడిన కడుపునకు అక్కడి తిండి కొన్నాళ్లు సరిపడదు. నిద్ర పట్టదు. ఇది అందరికిని కలుగునదేయని, సామాన్యముగా కొన్ని వారములలో సర్దుకొనునని ముందే చెప్పి పంపినచో సగము దిగులు తగ్గును. ఒకే ప్రాంతమునుండి పోయిన ఇద్దరు ముగ్గురు ఒకచోట నుండుట మేలు; కాని వారితోనే ముడుచుకొనక, ఇతర ఊళ్ల పిల్లలలో ఒక్కనినైనను స్నేహితునిగా చేసికొనవలెను.

పెద్ద తరగతులవారు పరిచయము పేరుతో అవమానించుట ఆట కాదు, నేరము. ర్యాగింగును నిషేధించుచు మన రాష్ట్రములో 1997లోనే చట్టము వచ్చినది. 2009లో విశ్వవిద్యాలయ నిధుల సంఘమువారు దేశమంతటికి నిబంధనలు చేసిరి. 1800-180-5522 అను నంబరునకు ఖర్చులేకుండ ఫోనుచేసి ఫిర్యాదు చేయవచ్చును. మనసు కుంగి, ఎవరితోను చెప్పుకొనలేని స్థితి వచ్చినచో 14416 నంబరున టెలీ మానస్ సేవ 2022నుండి కలదు. అక్కడ తెలుగులో మాటలాడవచ్చును. ఈ రెండు నంబర్లను పిల్లవాని పుస్తకముపై వ్రాసి పంపుడు.

పత్రముల విషయములో అశ్రద్ధ పనికిరాదు. ఉపకారవేతనమునకు కుల, ఆదాయ ధ్రువపత్రములు, ఆధార్‌తో జతపరచిన బ్యాంకుఖాతా ముఖ్యములు. పేరు ఒకచోట ఒకవిధముగా, మరియొకచోట మరియొకవిధముగా నున్నచో సొమ్ము నిలిచిపోవును. కళాశాల తెరువకముందే సరిచూచుకొనుడు.

ఆడపిల్లల చదువు ఇంటర్మీడియట్‌తో ఆగిపోవుటకు దూరము ఒక సాకుగా నుండెడిది. 1900లో పర్లాకిమిడి సంస్థానమువారు నౌపడనుండి టెక్కలి, పాతపట్నముల మీదుగా వేయించిన చిన్నరైలు ఒక శతాబ్దముపాటు ఈ ప్రాంతపు ప్రజలను మోసినది. 2004లో అది ఆగి, పెద్దలైనుగా మార్చిన పిమ్మట రైళ్లు మరల నడచినవి. 2025 ఆగస్టు 15వ తేదీనుండి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో స్త్రీలకు ఉచితప్రయాణము కల్పింపబడినది. రోజూ ఇంటినుండి పోయివచ్చు బాలికకు దారిఖర్చు లేదుగాని కాలము ఖర్చగును. ఆమె ఇల్లు చేరగానే అంట్లు, నీళ్లు, తమ్ముళ్ల పని అప్పగించుట న్యాయము కాదు. మొదటి మూడు నెలలైనను ఆ సాయంకాలము ఆమెకు విడిచిపెట్టవలెను.

దూరమున నున్న బిడ్డతో ఫోనులో మాటలాడునప్పుడు “తిన్నావా?” అని యడుగుట సహజము. దానితోపాటు “ఈవేళ ఏటి సెప్పినారు?” అని కూడ అడుగుడు. తమకు తెలియని చదువును గూర్చి ఏమడుగుదుమని తల్లులు సంకోచింపనక్కరలేదు. తల్లికి అర్థమగునట్లు తెలుగులో చెప్పబూనిన పిల్లవానికి పాఠములో తనకు తెలిసినదెంతో, తెలియనిదెంతో తేటపడును.

పండుగకు వచ్చిన పిల్లవాడు తిరిగి పోనని మొరాయించినచో కేకలు వేయక, నోటుపుస్తకములు తెప్పించి, ఏ పాఠమువద్ద చిక్కుపడినాడో చూపుమనుడు. గ్రామములో డిగ్రీ చదివినవారెవరైననున్న ఒక పూట కూర్చుండబెట్టుడు. మొదటి సెమిస్టరులో ఒకటి రెండు విషయములు తప్పినను చదువు పోదు. వాటిని తరువాత మరల వ్రాసికొనవచ్చును, పై సెమిస్టరు తరగతులకును వెళ్లవచ్చును. ఈ వెసులుబాటు తెలియక, తప్పినాడను వార్త వినగానే బిడ్డను పనికి వలస పంపిన తండ్రులున్నారు. అట్టివారు ఆ నిర్ణయమునకు ముందు ఒకసారి కళాశాలకు పోయి, పరీక్షల విభాగములో ఆ కాగితమును చూపి అడిగి రావలెను.