ఆపద వేళ పిల్లల బాధ్యత: విడిపోయిన దంపతుల మధ్య నమ్మకం

విడాకులతో దాంపత్యం ముగిసినా, పిల్లలున్న దంపతుల మధ్య ఒక ఉమ్మడి బాధ్యత మిగిలే ఉంటుంది. మామూలు రోజులలో ఆ బాధ్యత కోర్టు ఉత్తర్వులోనో, పరస్పర అంగీకారంతో రాసుకున్న ఒప్పందంలోనో ఉన్న వారాలు, వేళల ప్రకారం నడిచిపోతుంది. కాని ఆపద వచ్చేది ఆ ఉత్తర్వు చదివి కాదు. ఉద్యోగం చేసే తల్లి దగ్గర బిడ్డ పెరుగుతున్న చాలా తెలుగు ఇళ్ళలో రోజువారీ సంరక్షణ చేసేది అమ్మమ్మ. ఆ అమ్మమ్మే పక్షవాతంతో ఐసీయూలో చేరిన నాడు, ఆసుపత్రిలో అటెండెంటుగా కూర్చోవలసిన మనిషి, బడి వదిలే వేళకు గేటు దగ్గర నిలబడవలసిన మనిషి ఒక్కరే అవుతారు. అప్పుడు బిడ్డ ఎక్కడ ఉండాలన్న ప్రశ్న లేస్తుంది. తన దగ్గరకు పంపమని తండ్రి అంటాడు, పిన్ని ఇంట్లో ఉంటాడని తల్లి అంటుంది, నాలుగు రోజుల ఏర్పాటు గురించి మొదలైన మాట కాస్తా నాలుగేళ్ళ నాటి తగాదాలోకి జారిపోతుంది.

ఈ జారుడుకు కోపమే కారణమని సాధారణంగా అనుకుంటారు గాని, దాని అడుగున ఉన్నది భయం. తాత్కాలికంగా పంపిన బిడ్డ శాశ్వతంగా అక్కడే ఉండిపోతాడేమోనన్నది తల్లి భయం. తనకు చెప్పకుండా మరొకరి ఇంట ఉంచడం అలవాటైతే తన స్థానమే చెరిగిపోతుందేమోనన్నది తండ్రి భయం. ఇవి పూర్తిగా ఊహలు కావు. 1890 నాటి సంరక్షకుల, ఆశ్రితుల చట్టం, 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం రెండూ బిడ్డ సంక్షేమాన్నే కొలమానంగా తీసుకుంటాయి. సంక్షేమం అంటే తిండి, బట్ట, చదువు మాత్రమే కాక మానసిక భద్రత, ఆప్యాయత కూడా అని న్యాయస్థానాలు వివరించాయి. కుదురుకున్న వాతావరణం నుంచి బిడ్డను కదిలించడానికి న్యాయమూర్తులు సహజంగానే సందేహిస్తారు కనుక, ఎవరి దగ్గర ఎన్నాళ్ళు ఉన్నాడన్నది కస్టడీ వ్యాజ్యంలో బరువున్న అంశం అవుతుంది. ఐదేళ్ళలోపు బిడ్డ సాధారణంగా తల్లి దగ్గరే ఉండాలని 1956 చట్టం చెప్పినా, ఆ వయసు దాటిన బిడ్డ విషయంలో ఆమెకు ఆ పాటి ధీమా కూడా ఉండదు.

అయితే ఆపదలో అప్పగించిన బిడ్డ అప్పగించిన చోటే ఉండిపోవాలన్నది న్యాయసూత్రం కాదు. 2019లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చిన ఒక వ్యవహారంలో తల్లి క్యాన్సర్‌తో మరణించింది, తండ్రి క్షయవ్యాధితో ఆసుపత్రి పాలయ్యాడు, ఆ కష్టకాలంలో పసిబిడ్డను తల్లి తరఫు బంధువులు పెంచారు. కోలుకున్న తండ్రికి బిడ్డను అప్పగించాలని న్యాయస్థానం నిర్ణయిస్తూనే, పెంచిన బంధువులు బిడ్డను చూసే వీలును కూడా కల్పించింది. ఆపద వేళ చేసిన సేవను అక్కడ ఎవరూ చిన్నచూపు చూడలేదు, కాని ఆ సేవ హక్కుగా మారలేదు. విడిపోయిన దంపతులు తమ మధ్య పాటించవలసిన నియమానికి ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ దొరకడం కష్టం.

సాయం పొందినవారి బలహీనతను సాయం చేసినవారు సాక్ష్యంగా దాచుకోకపోవడమే ఆ నియమం. ఇది వినడానికి తేలిక, ఆచరణలో చాలా బరువు. బిడ్డను నాలుగు రోజులు చూసుకోమని రాత్రి పదకొండు గంటలకు వచ్చిన వాట్సాప్ సందేశాన్ని స్క్రీన్‌షాట్ తీసి న్యాయవాదికి పంపే అలవాటు ఈ కాలంలో ఎంత మామూలైపోయిందంటే, అడగవలసిన అవసరం ఉన్న మనిషి కూడా ఆ భయంతోనే అడగడం మానేసి, పరిచయం అంతంతమాత్రంగా ఉన్న పొరుగువారికి బిడ్డను అప్పగిస్తున్నారు. సాక్ష్యం పోగుచేసేవారు తాము బిడ్డ మేలుకే చేస్తున్నామని నిజంగానే నమ్ముతారు. వారి నమ్మకంలో కపటం లేకపోవచ్చు, నష్టం మాత్రం తప్పదు. ఒక్కసారి అలా జరిగిన తరువాత ఆ ఇంటి నుంచి ఈ ఇంటికి ఆపద వేళ కబురు రాదు.

దీనికి తోడ్పడే మానసిక దోషం ఒకటి ఉంది. ఎదుటివారి ప్రవర్తనకు వారి పరిస్థితిని కాక స్వభావాన్ని కారణంగా చూపే ధోరణిని సామాజిక మనోవిజ్ఞానంలో మౌలిక కారణారోపణ దోషం అంటారు. 1977లో అమెరికన్ శాస్త్రవేత్త లీ రాస్ ఈ పేరు పెట్టాడు. తాను ఆలస్యంగా వస్తే ట్రాఫిక్ కారణం, మాజీ భర్త ఆలస్యంగా వస్తే అతని నిర్లక్ష్యం కారణం. దాంపత్యంలో పోగుపడిన చేదు ఈ దోషానికి ఎరువు వేస్తుంది. ఎదుటి మనిషి నిజంగానే నిర్లక్ష్యపరుడై ఉండవచ్చు, కాని ఆ రాత్రి తేలవలసింది అతని స్వభావం కాదు, మరుసటి ఉదయం బిడ్డను బడికి పంపేది ఎవరన్నది.

అడిగే తీరులోనే సగం వివాదం తీరుతుంది, లేదా పుడుతుంది. రోజర్ ఫిషర్, విలియం యూరీ 1981లో ప్రచురించిన సంప్రదింపుల గ్రంథంలో పంతానికి, దాని వెనుక ఉన్న అవసరానికి మధ్య తేడా చూపించారు: బిడ్డను పంపేది లేదన్నది పంతం, బిడ్డ మందులు వేళకు వేయాలి, శుక్రవారం పరీక్ష తప్పకూడదు, ఆదివారం సాయంత్రానికి తిరిగి రావాలి అన్నవి అవసరాలు. పంతాలు ఒకదానితో ఒకటి ఢీకొంటాయి, అవసరాలు చాలాసార్లు పక్కపక్కనే ఇముడుతాయి. అందుచేత ఆపద వేళ పంపే సందేశంలో ఏం జరిగింది, బిడ్డకు ఏం కావాలి, ఏ రోజు నుంచి ఏ రోజు వరకు అన్న మూడు సంగతులు ఉంటే చాలు. ముగింపు తేదీ ఉన్న ఏర్పాటు రెండు వైపుల భయాన్నీ ఒకేసారి తగ్గిస్తుంది. ఆసుపత్రి వ్యవహారంలో తేదీ ముందే చెప్పడం కుదరదన్న అభ్యంతరం సహేతుకమే. అటువంటప్పుడు ఆదివారం మళ్ళీ మాట్లాడుకుందామన్న సమీక్ష తేదీ అయినా పెట్టుకోవచ్చు. పాత సంగతుల ప్రస్తావన, క్షమాపణ, కృతజ్ఞతాపూర్వకమైన పొడవైన ఉపోద్ఘాతం ఆ సందేశంలో ఉండనక్కరలేదు.

సంబోధన దగ్గర తెలుగువారికి ప్రత్యేకమైన ఇబ్బంది ఒకటి ఎదురవుతుంది. పెళ్ళయిన నాటి నుంచి భర్తను మీరు, ఏవండీ అంటూ పిలిచిన స్త్రీకి విడాకుల తరువాత ఏమని పిలవాలో తోచదు. పేరు పెట్టి పిలిస్తే ధిక్కారంలా, పాత పిలుపుతో పిలిస్తే లొంగుబాటులా అనిపిస్తుంది. పురుషుడి వైపు కూడా నువ్వు అనే చనువు కొనసాగాలో, మీరు అని దూరం పాటించాలో తేలదు. ఈ ఇరకాటంలో చాలామంది పిలుపు మానేసి, మీ నాన్నకు చెప్పు, మీ అమ్మను అడుగు అంటూ బిడ్డ ద్వారా కబురు పంపుతారు. అమెరికాలో విడిపోయిన తల్లిదండ్రుల కౌమార వయస్కులైన పిల్లలపై బ్యుకానన్, మకోబీ, డార్న్‌బుష్ 1991లో ప్రచురించిన పరిశోధన, తల్లిదండ్రుల మధ్య చిక్కుకుపోయామన్న భావన పిల్లలలో కుంగుబాటుతోనూ, ఆందోళనతోనూ ముడిపడి ఉందని చూపింది. అమ్మమ్మ ప్రాణం మీదికి వచ్చిన రోజున కబురు మోసే పని కూడా ఆ పసి భుజాల మీదే పడడం అన్యాయం. ఏ పిలుపూ లేకుండా, గౌరవవాచక క్రియతో రాసిన రెండు వాక్యాల సందేశం ఇద్దరు పెద్దలకూ మర్యాదగానే ఉంటుంది.

ఎప్పుడు మాట్లాడాలన్నది కూడా ఆలోచించవలసినదే. దంపతుల సంభాషణలను ప్రయోగశాలలో పరిశీలించిన జాన్ గాట్‌మన్, వివాదంలో గుండె వేగం నిమిషానికి వంద దాటినప్పుడు మనిషి ఎదుటివారి మాట వినే శక్తిని కోల్పోతాడని, ఆ ఉద్రేకపు ముంపు తగ్గడానికి కనీసం ఇరవై నిమిషాలు పడుతుందని వివరించాడు. ఐసీయూ వరండాలో నిలబడి ఫోను ఎత్తిన మనిషి గుండె వేగం వివాదం మొదలుకాక ముందే పెరిగి ఉంటుంది. అక్కడ కూడా అప్పటికప్పుడు తేల్చవలసినవి నిజానికి కొద్దే: ఆ రాత్రి బిడ్డ ఎక్కడ పడుకుంటాడు, మరునాడు ఎవరు తీసుకువెళతారు. వారాంతం సంగతి, సెలవుల సంగతి, ఖర్చుల సంగతి తెల్లవారేదాకా ఆగగలవు.

ఇక అసలు ఎంపిక, అంటే తండ్రా, పిన్నా అన్న ప్రశ్న, హక్కుల లెక్కతో మొదలుపెడితే తెగదు. రెండో ప్రపంచయుద్ధకాలంలో లండన్‌లో పిల్లల శరణాలయాలు నడిపిన ఆనా ఫ్రాయిడ్, డొరొతీ బర్లింగ్‌హామ్, పసివారిని బాంబుదాడుల కన్నా ఎక్కువగా కలచివేసింది కుటుంబం నుంచి ఎడబాటేనని గమనించారు. ఆపదలో బిడ్డకు భద్రత అంటే ముందుగా తెలిసిన ముఖం, తెలిసిన పడక, తెలిసిన నిద్రవేళ. కోర్టు ఆవరణలో నెలకు రెండుసార్లు గంట చొప్పున మాత్రమే చూసిన తండ్రి కన్నా రోజూ అన్నం కలిపి పెట్టే పిన్ని ఆ రాత్రికి దగ్గర కావచ్చు. అలాగే ప్రతి వారాంతం తండ్రి ఇంట నిద్రపోయే బిడ్డను, పండుగలకు మాత్రమే చూసిన మేనమామ ఇంటికి పంపడం అర్థం లేని పని. ఈ కొలమానం ఎవరి పక్షానా ముందుగా మొగ్గదు కనుకనే దీనిని నమ్మవచ్చు. అయినా ఎంపిక ఏదైనా కబురు చెప్పడం మాత్రం తప్పనిసరి. అమెరికాలోని అనేక విడాకుల ఒప్పందాలలో మొదటి అవకాశపు నిబంధన ఉంటుంది. బిడ్డను చూసుకోలేని పరిస్థితి నిర్ణీత గంటలకు మించినప్పుడు, మూడో మనిషిని అడగకముందే తల్లిదండ్రులలో రెండోవారిని అడగాలని దాని అర్థం. మన దేశంలో 1955 హిందూ వివాహ చట్టంలోని 13బి సెక్షన్ కింద పరస్పర అంగీకారంతో విడిపోయేవారు భరణం, ఆస్తి, సందర్శన వేళలతో పాటు ఇటువంటి నిబంధనను కూడా రాసుకోవడానికి అడ్డేమీ లేదు.

ఆపద మరణంగా ముగిసినప్పుడు వివాదం మరో రూపం తీసుకుంటుంది. నానమ్మ భౌతికకాయాన్ని బిడ్డ చూడవచ్చా, పెద్దకర్మ దాకా అక్కడే ఉంచాలా, మైల పేరుతో బడి మాన్పించాలా అన్న ప్రశ్నలలో రెండు కుటుంబాల ఆచారాలు, పరువు, పెద్దమనుషుల మాటలు కలిసిపోతాయి. ఇక్కడ తల్లి వైపు నుంచి కొంత ఔదార్యం అవసరమని చెప్పక తప్పదు, ఎందుకంటే విడాకులు ఆమెకు అత్తగారిని లేకుండా చేశాయి గాని బిడ్డకు నానమ్మను లేకుండా చేయలేదు. చివరిచూపు వాయిదా వేయగలిగినది కాదు. పరీక్ష కోసం బిడ్డ ఒక్కరోజు వెనక్కి రావలసి వస్తే మాత్రం, ఆచారం పేరుతో తండ్రి వైపువారు పట్టుబట్టడం కూడా తగదు.

సముద్రాలు దాటిన తెలుగు కుటుంబాలలో ఈ చిక్కు మరింత బిగుసుకుంటుంది. గుంటూరులో తల్లి చనిపోయిందన్న వార్త విన్న తండ్రి, అమెరికాలో పుట్టిన కొడుకును వెంట తీసుకువెళతానంటే, మాజీ భార్య వెంటనే ఒప్పుకోకపోవడాన్ని రాతిగుండె అనడం తొందరపాటు. బిడ్డలను అక్రమంగా దేశం దాటించిన సందర్భాలలో తిరిగి రప్పించడానికి 1980లో కుదిరిన హేగ్ ఒప్పందంలో భారతదేశం చేరలేదు. తిరిగి రాకపోతే ఏం చేయాలన్న ఆమె ప్రశ్నకు సులువైన జవాబు లేదు. పదహారేళ్ళలోపు వారి అమెరికా పాస్‌పోర్టుకు సాధారణంగా తల్లిదండ్రులిద్దరి అంగీకారం అడిగేది కూడా ఇటువంటి భయం వల్లనే. రానుపోను టికెట్ల ప్రతి, బస చేసే చిరునామా, తిరుగు తేదీతో రాసి ఇచ్చిన హామీ, రోజూ ఒక వేళకు వీడియో కాల్ అన్న ఏర్పాట్లు ఆ భయానికి తగిన జవాబులు. దుఃఖంలో ఉన్న మనిషి వీటిని అవమానంగా భావించడం సహజమే అయినా, అడగకముందే తానే పంపగలిగితే అతని మాటకు విలువ పెరుగుతుంది.

తేదీ వచ్చినప్పుడు బిడ్డను ఆ తేదీకే తిరిగి పంపడం తరువాతి ఆపదకు పెట్టుబడి. ఎలినోర్ మకోబీ, రాబర్ట్ మ్నూకిన్ కాలిఫోర్నియాలో సుమారు 1,100 కుటుంబాలను పరిశీలించి 1992లో వెలువరించిన గ్రంథం ప్రకారం, విడిపోయిన దంపతుల మధ్య కాలక్రమంలో ఘర్షణ కొంత తగ్గినా, దాని స్థానంలో ఎక్కువగా పెరిగింది సహకారం కాదు, మాటలు లేని ఎడం. ఎవరి ఇంట్లో వారు తమ పద్ధతిలో పెంచే ఈ తీరును సమాంతర పెంపకం అంటారు. అది చెడ్డదేమీ కాదు. అందరూ స్నేహితులుగా మిగలాలని కోరడం అత్యాశ. సమాంతర పెంపకంలో కూడా బిడ్డ తిరిగి వచ్చేటప్పుడు సంచిలో మందుల చీటీ, హోంవర్క్ పుస్తకం, ఏం తిన్నాడో, ఎప్పుడు జ్వరం వచ్చిందో రాసిన ఒక కాగితం ఉండడం సాధ్యమే.

ఇంతవరకు చెప్పినదంతా ఇద్దరి వద్దా బిడ్డ క్షేమంగా ఉంటాడన్న ఆధారం మీద నిలిచినది. హింస, వేధింపు, తాగుడు కారణంగా విడిపోయిన చోట మొదటి అవకాశం ఇవ్వాలన్న మర్యాద వర్తించదు, అక్కడ నిరాకరించడం పంతం అనిపించుకోదు. 2005 గృహహింస నిరోధక చట్టంలోని 21వ సెక్షన్ కింద మేజిస్ట్రేటు తాత్కాలిక కస్టడీ ఇవ్వవచ్చు, హాని ఉందనిపిస్తే సందర్శనను కూడా నిరాకరించవచ్చు. అటువంటి ఇళ్ళలో తల్లి చేయవలసిన పని ఆపదకు ముందే ఉంటుంది: అత్యవసర వేళ బిడ్డను ఎవరికి అప్పగించవచ్చో ఇద్దరు ముగ్గురి పేర్లు, ఫోటోలు, ఫోను నంబర్లతో బడికి రాసి ఇచ్చి, కోర్టు ఉత్తర్వు ప్రతిని కూడా దానికి జతచేయడం.