పోటీ పరీక్షల ప్రత్యేకం: మోనోస్టేబుల్ మల్టీవైబ్రేటర్

నిర్వచనం: ఒకే స్థిర స్థితి గల సర్క్యూట్. ట్రిగ్గర్ అందగానే నిర్ణీత కాలం పాటు ఒక్క పల్సు ఇచ్చి, తనంతట తానే మొదటి స్థితికి వస్తుంది. మరో పేరు వన్ షాట్.

స్థిర స్థితులు: ఏస్టేబుల్ 0, మోనోస్టేబుల్ 1, బైస్టేబుల్ (ఫ్లిప్‌ఫ్లాప్) 2. ఇది తప్పకుండా చూసుకోండి.

మోనోస్టేబుల్‌గా వాడే 555 ఐసీ: రూపకర్త హాన్స్ కామెన్‌జిండ్. 1972లో సిగ్నెటిక్స్ విడుదల చేసింది. పిన్‌లు 8.

పనితీరు (బట్టీ పట్టడం కన్నా బొమ్మ గీసి చదివితే నిలుస్తుంది): 2వ పిన్ వోల్టేజీ, సరఫరా వోల్టేజీలో 1/3 కంటే తగ్గితే 3వ పిన్ అవుట్‌పుట్ 'హై'. లోపలి డిశ్చార్జ్ ట్రాన్సిస్టర్ ఆఫ్ అయి, కెపాసిటర్ నిరోధం గుండా చార్జ్ కావడం మొదలవుతుంది. 6వ పిన్ వద్ద 2/3కు చేరగానే అవుట్‌పుట్ 'లో'. 7వ పిన్ ద్వారా కెపాసిటర్ ఖాళీ.

సూత్రం: పల్సు కాలం = 1.1 × ఆర్ × సి (ఆర్ నిరోధం, సి కెపాసిటర్ విలువ). ఈ 1.1 అనేది 3 యొక్క సహజ సంవర్గమానం (1.0986).

లెక్క: అప్పనపల్లి కొబ్బరితోటలో కరెంటు వచ్చాక కాసేపు ఆగి మోటారు స్టార్ట్ కావాలి, పల్సు ఉన్నంతసేపు రిలే మోటారును ఆపుతుంది. ఆర్ 100 కిలో ఓమ్‌లు, సి 100 మైక్రోఫారడ్లు అయితే ఆలస్యం 11 సెకన్లు.

ఉచ్చు ప్రశ్న: సరఫరా 12 వోల్టుల నుంచి 9కి పడితే కాలం మారుతుందా? ఆదర్శంగా మారదు. 1/3, 2/3 హద్దులు, చార్జింగ్ వేగం మూడూ సరఫరాతో పాటే మారతాయి.

ట్రిగ్గర్ పల్సు అవుట్‌పుట్ పల్సు కంటే చిన్నదిగా ఉండాలి.

రెండు ట్రాన్సిస్టర్ల మోనోస్టేబుల్‌కు కాలం = 0.69 × ఆర్ × సి. మోనోస్టేబుల్ ఐసీల్లో 74121 పల్సు సాగుతుండగా మళ్లీ ట్రిగ్గర్ కాదు, 74123 అవుతుంది.